బ్రాండు కథనం

ఒక వస్తువును గాని, సేవను గాని, సంస్థను గాని దాని ధర, నాణ్యత, గుణగణాల పట్టికతో కాక ఒక కథ ద్వారా కొనుగోలుదారులకు పరిచయం చేసి, వారి మనసులో నిలిపే ప్రచార పద్ధతిని బ్రాండు కథనం అంటారు. ఇందులో పాత్రలుంటాయి, ఒక చిక్కు ఉంటుంది, ఆ చిక్కు విడిపోవడం ఉంటుంది. వస్తువు పేరు ఆ కథలో ఎక్కడో ఒకచోట కలిసిపోయి ఉంటుంది. ముప్పై సెకన్ల టీవీ ప్రకటన, వీధి మలుపులోని హోర్డింగు, డబ్బా మీద ముద్రించిన నాలుగు వాక్యాలు, పూర్తి నిడివి చలనచిత్రం - వీటిలో ఏదైనా ఇందుకు వాహకం కావచ్చును.

మామూలు ప్రకటనకు, బ్రాండు కథనానికి ముఖ్యమైన తేడా ఒకటి ఉన్నది. మామూలు ప్రకటన ఒక మాట ఇస్తుంది. "ఈ సబ్బు ఎక్కువ రోజులు వస్తుంది" అన్నది అటువంటి మాట. అది నిజమో కాదో ఎవరైనా పరీక్షించి చూడవచ్చు. కథ అటువంటి మాట ఏదీ ఇవ్వదు. ఒక తల్లి వాన నీళ్ళలో తడిసి వచ్చిన బిడ్డను చూసి నవ్వుతుంది, అంతే. ఆ నవ్వు అబద్ధమని ఎవరూ నిరూపించలేరు. ఈ కారణం చేతనే కథ చాలా బలమైన సాధనమయింది, ఈ కారణం చేతనే కొనుగోలుదారు దాని విషయంలో జాగ్రత్తగా ఉండవలసి వస్తున్నది. కథ ఎంత బాగుంది అన్న ప్రశ్న కంటే కథ వెనుక ఏమున్నది అన్న ప్రశ్న ముఖ్యం. భారతదేశంలో దీనికి అన్నిటికంటే విపులమైన ఉదాహరణ అమూల్. అందుచేత ఈ వ్యాసంలో దానికి ఎక్కువ చోటు ఇవ్వబడినది.

కథ ఎందుకు పనిచేస్తుంది

మనిషి మనసు ఏమీ లేనిచోట కూడా కథ అల్లుకుంటుందని చూపిన ప్రసిద్ధ ప్రయోగం ఒకటి కలదు. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మేరియాన్ సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక చిన్న బొమ్మల చిత్రం తయారు చేశారు. అందులో రెండు త్రిభుజాలు, ఒక చిన్న వృత్తం, తలుపులాగా తెరుచుకునే భాగమున్న ఒక దీర్ఘచతురస్రం తప్ప మరేమీ లేవు. ఆ ఆకారాలు అటూ ఇటూ కదులుతాయి. చూసినవారిని ఏమి జరిగిందో వ్రాయమన్నారు. మొదటి జట్టులోని 34 మందిలో ఒక్కరు మాత్రమే దానిని రేఖాగణిత ఆకారాల కదలికగా వర్ణించారు. మిగిలినవారందరూ ప్రాణమున్నవాటి చేష్టలుగానే వ్రాశారు. పెద్ద త్రిభుజం చాలామందికి దౌర్జన్యపరునిగా కనిపించినది.

కథలో లీనమైనవారి నమ్మకాలు ఎలా మారతాయన్నది తరువాతి పరిశోధకులు పరిశీలించారు. 2000లో మెలనీ గ్రీన్, టిమొతీ బ్రాక్ ప్రచురించిన అధ్యయనం వీటిలో తరచుగా ఉదహరించబడేది. కథలో ఎక్కువగా లీనమైన పాఠకులు ఆ కథకు అనుకూలమైన అభిప్రాయాలు ఏర్పరచుకున్నారని, కథలో పొసగని చోట్లను తక్కువగా పట్టుకున్నారని వారు గమనించారు. ఇది కల్పితమా, నిజంగా జరిగినదా అన్నది ముందుగా చెప్పినా పెద్దగా తేడా రాలేదు.

ఈ చివరి విషయాన్ని బజారు లెక్కలలో చూపిన సరదా ప్రయత్నం ఒకటి 2009లో అమెరికాలో జరిగింది. రాబ్ వాకర్, జాషువా గ్లెన్ అనే రచయితలు పాత సామాన్ల అంగళ్ళలో సగటున ఒకటింపావు డాలరుకు ఒకటి చొప్పున పనికిమాలిన వస్తువులు కొన్నారు. ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క రచయిత చేత కల్పిత కథ వ్రాయించి, ఆ కథనే వర్ణనగా పెట్టి, ఈబే అనే అంతర్జాల వేలంలో అమ్మారు. మొత్తం 128 డాలర్ల 74 సెంట్లకు కొన్న సరుకు 3,612 డాలర్ల 51 సెంట్లకు అమ్ముడుపోయింది. కథలు కల్పితమని దాచిపెట్టలేదు. కొన్నవారికి ఆ సంగతి తెలుసు.

బేరమాడేటప్పుడు మనిషికి ఉండే అప్రమత్తత కథ వినేటప్పుడు ఉండదు. తక్కెడ ముల్లు వంక చూసే కన్ను కథలో పడగానే మరో వైపు తిరుగుతుంది. బ్రాండు కథనం ఆధారపడేది దీని మీదనే.

కథలో నాయకుడెవరు

ఈ విషయం మీద వచ్చిన పాఠ్యపుస్తకాలు కథకు ఉండవలసిన అంగాలను రకరకాలుగా విభజిస్తాయి. ఆచరణలో తేల్చుకోవలసినది ఒక్కటే, కథలో నాయకుడు సంస్థా, కొనుగోలుదారా అన్నది. అనుభవం లేని సంస్థలు తామే నాయకులుగా కథ చెబుతాయి: ఎప్పుడు స్థాపించారు, ఎన్ని శాఖలున్నవి, ఎన్ని బహుమతులు వచ్చినవి. వినేవారికి ఆ కథలో చోటు ఉండదు.

కొనుగోలుదారును నాయకురాలిని చేసిన కథకు 1980లలో దూరదర్శన్‌లో వచ్చిన సర్ఫ్ ప్రకటనలోని లలితాజీ పాత్ర మంచి ఉదాహరణ. అప్పటికి కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా పొడి చవక ధరతో హిందుస్థాన్ లీవర్ వారి సర్ఫ్‌ను బాగా దెబ్బతీసింది. ధర తగ్గించి పోటీపడే బదులు, లింటాస్ సంస్థలో ఆలిక్ పదమ్సీ ఆధ్వర్యంలో ఒక పాత్రను సృష్టించారు. లలితాజీ కూరగాయల అంగడిలో గట్టిగా బేరమాడే గృహిణి. ఎవరి మాటా ఊరికే నమ్మదు. అటువంటి మనిషి ఎక్కువ ధర పెట్టి సర్ఫ్ కొంటున్నదంటే కారణం ఉండే ఉంటుందని చూసేవారు అనుకోవాలి. కవితా చౌదరి ఈ పాత్ర ధరించింది. ఇక్కడ సర్ఫ్ గొప్పదని చెప్పినది సర్ఫ్ కాదు, మన ఇంటి పక్కన ఉండగల ఒక మనిషి. పైగా అందులో పరీక్షకు నిలిచే మాట ఒకటి కూడా ఉన్నది. తక్కువ పొడితో ఎక్కువ బట్టలు ఉతకవచ్చునన్న ఆ లెక్కను ఇంట్లో ఎవరైనా చేసి చూసుకోవచ్చు. కథ, పరీక్షించదగిన మాట రెండూ కలిసిన ఇటువంటి ప్రకటనలు అరుదు.

చరిత్ర

అమెరికాలో వ్యవసాయ పనిముట్లు తయారుచేసే జాన్ డీర్ సంస్థ 1895లో "ద ఫర్రో" అనే పత్రిక ప్రారంభించి రైతుల అనుభవాలను ప్రచురించసాగింది. 1933లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ తన ఆక్సిడాల్ సబ్బుపొడి ప్రచారానికి "మా పెర్కిన్స్" అనే రేడియో ధారావాహికను పోషించింది. సబ్బుల కంపెనీల డబ్బుతో నడిచినందువలన అటువంటి ధారావాహికలకు ఆంగ్లంలో "సోప్ ఒపేరా" అనే పేరు వచ్చింది. ఈనాటి తెలుగు టీవీ సీరియళ్ళు కూడా ఆ వంశానికి చెందినవే అనవచ్చు. 1946లో బాబీ కూకా, చిత్రకారుడు ఉమేశ్ రావు కలిసి రూపొందించిన ఎయిర్ ఇండియా మహారాజు భారతదేశపు తొలి ప్రసిద్ధ బ్రాండు పాత్రలలో ఒకడు.

ఒక కథ ఏకంగా ఆచారాన్నే సృష్టించగలదనడానికి డి బీర్స్ వజ్రాల సంస్థను చెప్పుకోవాలి. అమెరికాలో వజ్రాల గిరాకీ పడిపోయిన కాలంలో, 1938లో, ఈ సంస్థ ఎన్. డబ్ల్యు. అయర్ అనే ప్రకటనల సంస్థను నియమించుకున్నది. 1947లో అక్కడి రచయిత్రి ఫ్రాన్సెస్ గెరెటీ వజ్రం శాశ్వతమనే అర్థం వచ్చే నినాదం వ్రాసింది. నిశ్చితార్థపు ఉంగరంలో వజ్రం ఉండి తీరాలన్న భావన ఇటువంటి ప్రచారం వల్ల దేశమంతటా స్థిరపడింది. శాశ్వతమైన ప్రేమకు గుర్తు గనుక దానిని తిరిగి అమ్మరాదన్న సూచన కూడా అందులోనే ఇమిడి ఉన్నది. పాత వజ్రాలు బజారుకు రాకపోవడం కొత్త వజ్రాలమ్మే సంస్థకు ఎంత లాభమో వేరే చెప్పనక్కరలేదు.

అమూల్

గుజరాత్‌లోని కైరా (ఇప్పటి ఖేడా) జిల్లా పాడి రైతులు 1940లలో తమ పాలను దళారుల ద్వారా పోల్సన్ అనే ప్రైవేటు డెయిరీకి అమ్మేవారు. బొంబాయి నగరానికి పాలు పంపే పథకంలో ఆ ప్రాంతపు సేకరణ ఆ డెయిరీ చేతిలో ఉండేది. పాలు నిలవ ఉండే సరుకు కాదు. పొద్దున పితికినవి సాయంత్రానికి విరిగిపోతాయి గనుక కొనేవాడు చెప్పినదే ధర అయ్యేది. రైతులు సర్దార్ వల్లభభాయ్ పటేల్‌తో మొరపెట్టుకోగా, సొంత సంఘం పెట్టుకోమని ఆయన సలహా ఇచ్చాడు. 1946 జనవరిలో మొరార్జీ దేశాయ్ సమక్షంలో సమర్ఖా గ్రామంలో సభ జరిగింది. రైతులు 15 రోజులు పాలు పోయడం మానేశారు. 1946 డిసెంబరు 14న కైరా జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల సంఘం నమోదయింది. త్రిభువన్‌దాస్ పటేల్ దానికి అధ్యక్షుడు. 1949లో ఆనంద్ పట్టణంలోని ప్రభుత్వ క్రీమరీలో ఉద్యోగానికి వచ్చిన కేరళ యువకుడు వర్గీస్ కురియన్ ఆ ఉద్యోగం వదిలి ఈ సంఘంలో చేరాడు. అతని సహచరుడు హెచ్. ఎం. దలాయా గేదె పాల నుండి పాలపొడి తయారుచేసే విధానం రూపొందించాడు. "అమూల్య" అనే సంస్కృత పదం నుండి అమూల్ అనే పేరు 1950లలో పెట్టబడినది.

కథకు కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి: అన్యాయం, సమ్మె, గెలుపు. అయినా అమూల్ తన వెన్నను నగరాలలో అమ్మడానికి ఈ కథను వాడుకోలేదు. నగరానికి ఒక కథ, పల్లెకు వేరొక కథ చెప్పింది.

నగరానికి చెప్పిన కథ పేరు అమూల్ పాప. 1966లో సిల్వెస్టర్ డకున్హా నడిపిన ప్రకటనల సంస్థకు అమూల్ వెన్న ప్రచారం అప్పగించబడినది. చిత్రకారుడు యూస్టేస్ ఫెర్నాండెజ్ చుక్కల గౌను, నీలి జుట్టు, తలపై రిబ్బను ఉన్న ఒక చిన్న పిల్లను గీశాడు. పోటీ సంస్థ అయిన పోల్సన్ వెన్నకు అప్పటికే ఒక అమ్మాయి బొమ్మ ఉండేది, ఈ పాప దానికి జవాబు. మొదట బొంబాయి వీధుల హోర్డింగుల మీద కనిపించిన ఈ పాప త్వరలోనే ఆ వారపు వార్త మీద ఒక చమత్కారపు మాట విసరడం మొదలుపెట్టింది. తెలుగు దినపత్రికల మొదటి పేజీలో పాకెట్ కార్టూను చేసే పనినే ఈ హోర్డింగు వీధిలో చేసింది. ఒకే పాత్ర, ఏనాడూ పెరగని వయసు, వారం వారం మారే కథ, ప్రతి బొమ్మలోనూ ఎక్కడో ఒక వెన్న ముక్క. జనం ప్రకటన నుండి చూపు తిప్పుకోవడానికి బదులు కొత్తది ఎప్పుడు వస్తుందా అని ఎదురు చూశారు.

ఈ హోర్డింగులలో చాలావాటికి ప్రాణం ఆంగ్ల, హిందీ పదాల శ్లేష. దానిని తెలుగులోకి తేవడం దాదాపు అసాధ్యం. ఒక్కదానిని మాత్రం వివరించవచ్చు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో, బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరుగుతుండగా, తాము ఎప్పటినుండో ఆ పని తప్పనిసరిగా చేస్తున్నామని పాప అన్నది. ఆంగ్లంలో సంతాన నిరోధానికి, డెయిరీలో సూక్ష్మజీవులను నశింపజేయడానికి ఒకటే పదం కావడం ఇందులోని చమత్కారం. పత్రికల మీద సెన్సారు ఉన్న రోజులలో ఒక వెన్న ప్రకటన ఆ మాట అనగలిగింది. 2009లో హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్ కుంభకోణం మీద కూడా హోర్డింగు వచ్చింది. అన్ని ప్రకటనలూ ఇంత నిర్భయంగా లేవు. కొన్ని కేవలం గెలిచినవారికి అభినందనలుగా మిగిలాయి. అయినప్పటికీ అర్ధశతాబ్దికి పైగా ఒకే పాత్రతో నడిచిన ప్రచారం ప్రపంచంలోనే అరుదు. సిల్వెస్టర్ డకున్హా 2023లో మరణించాడు. అంతకు చాలాకాలం ముందునుండే అతని కుమారుడు రాహుల్ డకున్హా ఈ ప్రచారాన్ని చూస్తున్నాడు.

పల్లెకు చెప్పిన కథ "మంథన్" అనే హిందీ చలనచిత్రం (1976). దీని దర్శకుడు శ్యామ్ బెనెగళ్. ఇతడు సికిందరాబాదు తిరుమలగిరిలో పుట్టి, హైదరాబాదులో చదువుకుని, 1959లో బొంబాయి లింటాస్ సంస్థలో ప్రకటనల రచయితగా వృత్తి జీవితం మొదలుపెట్టాడు. చిత్రం తీయడానికి డబ్బు ఎక్కడినుండి వస్తుందన్న ప్రశ్నకు కురియన్ చెప్పిన ఉపాయం సినిమా చరిత్రలో నిలిచిపోయింది. సహకార సంఘాలలోని 5 లక్షల మంది రైతులు తలా 2 రూపాయలు ఇచ్చారు. ఆ విధంగా 10 లక్షల రూపాయలు సమకూరాయి. విజయ్ టెండూల్కర్ చిత్రానువాదం, కైఫీ ఆజ్మీ సంభాషణలు, గోవింద్ నిహలానీ ఛాయాగ్రహణం సమకూర్చారు. గిరీశ్ కర్నాడ్, స్మితా పాటిల్, నసీరుద్దీన్ షా నటించారు. చిత్రం విడుదలయ్యాక రైతులు లారీలు కట్టుకుని పట్నాలకు వెళ్ళి తమ చిత్రాన్ని తాము చూసుకున్నారు.

చిత్రంలో ఒక పశువైద్యుడు పల్లెకు వచ్చి పాల సంఘం పెట్టించడానికి ప్రయత్నిస్తాడు. డెయిరీ యజమాని, ఊరి పెద్ద అడ్డుపడతారు. దళితవాడకు, పెద్దల వీధికి మధ్య ఉన్న గోడ కూడా బయటపడుతుంది. చివరికి వైద్యుడు బదిలీ మీద వెళ్ళిపోతాడు. సంఘం ఊరివారి చేతిలో మిగులుతుంది. ప్రచార చిత్రానికి ఇటువంటి ముగింపు పెట్టడానికి ధైర్యం కావాలి. ఎందుకంటే బయటినుండి వచ్చిన నాయకుడు గెలవలేదు, అమూల్ అనే పేరు ఆకాశం నుండి వరం ఇవ్వలేదు. కురియన్ ఈ చిత్రాన్ని నిజంగానే పనిముట్టుగా వాడాడు. 16 మిల్లీమీటర్ల ప్రతులు తీయించి, ఒక పశువైద్యుడు, ఒక పాల సాంకేతిక నిపుణుడు, ఒక పశుగ్రాస నిపుణుడు ఉన్న బృందాలతో పాటు ఇతర ప్రాంతాల పల్లెలకు పంపించాడు. చిత్రం చూపించి, మీరూ సంఘం పెట్టుకోండని చెప్పేవారు. తరువాత ఈ చిత్రంలోని పాట అమూల్ టీవీ ప్రకటనలకు కూడా వాడబడింది. పునరుద్ధరించిన ప్రతి 2024లో కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించబడింది. అదే సంవత్సరం డిసెంబరు 23న బెనెగళ్ మరణించాడు.

ఈ రెండు కథలూ నిలబడడానికి కారణం పాల కేంద్రంలో ఉన్నది. రైతు, చాలాచోట్ల మహిళా రైతు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు తెచ్చి పోస్తుంది. ఆమె ముందే పాలు కొలిచి, వెన్న శాతం పరీక్షించి, ఆ లెక్కన డబ్బు కడతారు. అమూల్ రైతులదే అన్న కథ నిజమో కాదో ఆ విధంగా రోజుకు రెండుసార్లు తేలుతుంది. 1973లో ఏర్పడిన గుజరాత్ సహకార పాల మార్కెటింగ్ సమాఖ్య ఈ బ్రాండును నిర్వహిస్తున్నది. కొనుగోలుదారు చెల్లించే రూపాయిలో 80 పైసలకు పైగా రైతుకు చేరుతున్నదని, అమ్మకాలలో ఒక శాతం మించకుండా ప్రచారానికి ఖర్చు చేస్తామని సమాఖ్య చెబుతుంది. సమాఖ్యలోని సంఘాలకు పాలు పోసే రైతులు సుమారు 36 లక్షల మంది.

కథకు రెండవ పక్కన నిలబడినవారికి అదే కథ వేరుగా వినిపిస్తుందన్న సంగతి కూడా అమూల్ విషయంలోనే కనిపించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమూల్‌తో ఒప్పందం చేసుకుని, ఆ ఏడు డిసెంబరులో "జగనన్న పాల వెల్లువ" పథకం ప్రారంభించింది. స్థానిక డెయిరీల దోపిడీ నుండి రైతులను కాపాడడానికే అని ప్రభుత్వం చెప్పింది. స్థానిక డెయిరీలను దెబ్బతీసి, రాష్ట్ర వనరులను వేరే రాష్ట్రపు సంస్థకు అప్పగిస్తున్నారని ప్రతిపక్షం విమర్శించింది. 2023 ఏప్రిల్‌లో, శాసనసభ ఎన్నికల ముందు, బెంగళూరులో అమూల్ పాలు అమ్ముతామన్న ప్రకటన మీద కర్ణాటకలో పెద్ద దుమారం లేచింది. నందిని అక్కడి రైతుల సహకార బ్రాండు. 1946లో బయటి డెయిరీని ఎదిరించి పుట్టిన సంఘం ఇక్కడ కొందరి కళ్ళకు బయటి డెయిరీగా కనిపించింది. కథ మారలేదు, చోటు మారింది.

తెలుగునాట

తెలుగువారి వ్యాపార చరిత్రలో అమృతాంజనానికి ప్రత్యేక స్థానం కలదు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో దీనిని స్థాపించాడు. తొలిరోజులలో సంగీత సభలలో ఈ లేపనాన్ని ఉచితంగా పంచేవాడని చెబుతారు. ఆ లాభాలతో అతడు ఆంధ్రపత్రిక నడిపాడు. మొదట బొంబాయిలో వారపత్రికగా వెలువడిన ఈ పత్రిక 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక మొదలయింది. తలనొప్పి మందు అమ్మిన డబ్బు సాహిత్యానికి, ఆంధ్రోద్యమానికి, స్వాతంత్ర్యోద్యమానికి వెళ్ళింది. తెలుగువారి ఇళ్ళలో ఆ పసుపుపచ్చని లేపనానికి దక్కిన ఆదరణలో ఈ కథ పాత్ర ఎంతో కొలవలేము గాని, దానిని ఎవరూ ప్రకటనగా వ్రాయలేదు. దేశోద్ధారకుడు అన్న బిరుదు ప్రకటనల సంస్థ ఇచ్చినది కాదు, జనం ఇచ్చినది.

బుర్రకథ, హరికథల వంటి ప్రక్రియలు వ్యాపారం కంటే ప్రజా ప్రచారానికి ఎక్కువగా వాడబడినవి. ప్రజానాట్యమండలి రోజులలో షేక్ నాజర్ బుర్రకథను రాజకీయ చైతన్యానికి వాడగా, తరువాత ప్రభుత్వ ప్రచార శాఖలు కుటుంబ నియంత్రణ, ఆరోగ్యం మొదలగు విషయాలను అదే ప్రక్రియలో చెప్పించాయి.

ఊరి పేరే కథగా పనిచేసే వస్తువులు తెలుగు రాష్ట్రాలలో చాలా ఉన్నాయి: కొండపల్లి బొమ్మ, వెంకటగిరి చీర, పోచంపల్లి ఇక్కత్. గోల్కొండ ప్రాంతపు వజ్రాల గనులు ఏనాడో అడుగంటినా, మచ్చలేని పాత వజ్రాన్ని "గోల్కొండ" అని చెప్పి అమ్మడం అంతర్జాతీయ వేలాలలో నేటికీ ఉన్నది. పోచంపల్లికి రెండు కథలున్నాయి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడుగగా వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానం చేయడంతో భూదానోద్యమం ఇక్కడే పుట్టింది. నూలును ముందుగానే కట్టి, రంగులద్ది, ఆ తరువాత మగ్గం మీద నేసే ఇక్కత్ రెండవ కథ. నేతలో ఒక్క పోగు జరిగినా అంచు చెదురుతుంది. ఆ చిన్న చెదురే చేతిపనికి గుర్తు. కాని అదే నమూనాను మరమగ్గపు గుడ్డ మీద అచ్చువేసి పోచంపల్లి పేరుతో అమ్మేవారికి కథ ఉచితంగా దొరుకుతుంది, నేతగానికి కూలి దొరకదు. ఇటువంటి అనుకరణను అడ్డుకోవడానికి భౌగోళిక సూచికల చట్టం 1999లో వచ్చి 2003 సెప్టెంబరు 15 నుండి అమలైంది. ఆ చట్టం క్రింద జరిగిన తొలి నమోదులలో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. నమోదు పత్రం ఉన్నంత మాత్రాన అచ్చు చీరలు ఆగలేదు. కొనేవారు గుడ్డను తిరగవేసి చూడడం నేర్చుకోవాలి: నేసిన ఇక్కత్‌లో రంగు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అచ్చువేసిన దానిలో వెనుకవైపు వెలవెలబోతుంది.

అరకు కాఫీ కథ ఇటీవలిది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే నాంది ఫౌండేషన్ అరకు లోయ గిరిజన రైతుల సహకార సంఘంతో కలిసి పండించిన కాఫీకి ఆ లోయ పేరునే బ్రాండుగా పెట్టి, 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక సూచిక లభించింది.

కథకు, నిజానికి మధ్య ఎడం

మార్ల్‌బరో సిగరెట్టు మొదట స్త్రీల కోసం అమ్మబడిన సరుకు. 1950ల మధ్యలో లియో బర్నెట్ సంస్థ దానికి గుర్రమెక్కిన పశువుల కాపరిని పాత్రగా ఇచ్చింది. విశాలమైన మైదానం, స్వేచ్ఛ, మగతనం. ఆ ప్రకటన సిగరెట్టు ఆరోగ్యానికి మంచిదని ఏనాడూ అనలేదు. అనలేదు గనుక దానిలో అబద్ధం వెదకడానికి ఏమీ లేదు. ఆ ప్రకటనలలో కనిపించిన నటులలో కొందరు తరువాత పొగతాగడం వల్ల వచ్చే జబ్బులతో మరణించారు.

భారతదేశంలో 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము ప్రకటనలలో కథ దాదాపు ఎప్పుడూ ఒకటే. చామనఛాయ గల అమ్మాయికి ఉద్యోగమో, పెళ్ళి సంబంధమో తప్పిపోతుంది. క్రీము రాసుకుంటుంది. కొన్ని వారాలకు తెల్లబడుతుంది, కోరినది దక్కుతుంది. క్రీము పనిచేస్తుందా అన్నది ఒక ప్రశ్న. నల్లగా ఉండడమే కథలోని చిక్కు అని చెప్పడం దానికంటే లోతైనది. అఖిల భారత ప్రజాతంత్ర మహిళా సంఘం దీని మీద పోరాడింది. ఆ ఫలితంగా 2003లో కొన్ని ప్రకటనలు ఆగిపోయాయి. 2020లో సంస్థ క్రీము పేరును గ్లో అండ్ లవ్లీగా మార్చింది.

కథ నేరుగా నిజంతో ఢీకొన్న ఘటన 2015లో జరిగింది. ఫోక్స్‌వాగన్ సంస్థ తన డీజిల్ కార్లను పరిశుభ్రమైనవిగా అమెరికాలో విస్తృతంగా ప్రచారం చేసింది. పరీక్ష జరుగుతున్నప్పుడు మాత్రమే పొగను తగ్గించే సాఫ్ట్‌వేరును కార్లలో అమర్చినట్లు ఆ ఏడు సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటి 10 లక్షల కార్లలో ఆ సాఫ్ట్‌వేరు ఉన్నట్లు సంస్థ ఒప్పుకున్నది. ఇక్కడ పట్టుబడడానికి కారణం కథలో కొలవగలిగిన విషయం ఒకటి ఉండడమే.

భారతదేశంలో నియమాలు

ప్రకటనల రంగం తనకు తాను ఏర్పరచుకున్న స్వీయ నియంత్రణ సంస్థ భారత ప్రకటనల ప్రమాణాల మండలి. ఇది 1985లో ఏర్పడింది. దీని నియమాలు ఎక్కువగా వస్తువు గురించి చెప్పిన మాటలకు సంబంధించినవి. అయితే 2014లో చర్మం తెల్లబరిచే వస్తువుల మీద ఈ మండలి చేసిన మార్గదర్శకాలు వేరు రకానివి. నల్లని చర్మం గలవారిని దిగులుగా ఉన్నవారిగా, పెళ్ళిలోనో ఉద్యోగంలోనో వెనుకబడినవారిగా చూపరాదని అవి చెబుతాయి. అనగా ఇక్కడ అభ్యంతరం వస్తువు గురించి చెప్పిన మాటకు కాక, కథ నడిచిన తీరుకే చెప్పబడినది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించగలదు. అందులో నటించి వస్తువును సమర్థించిన ప్రముఖులను ఒక సంవత్సరం పాటు, మళ్ళీ చేస్తే మూడు సంవత్సరాల వరకు అటువంటి ప్రచారం నుండి నిషేధించవచ్చును. తాము తగిన విచారణ చేసి చూసుకున్నామని చూపగలిగిన ప్రముఖులకు మినహాయింపు ఉన్నది.

2022 జూన్‌లో వెలువడిన మార్గదర్శకాలు మారు ప్రకటనలను కూడా నిషేధించాయి. ప్రచారం చేయరాని మద్యం వంటి సరుకు పేరును సోడాకో, పాటల క్యాసెట్టుకో పెట్టి ప్రకటించడాన్ని మారు ప్రకటన అంటారు. స్నేహితులు, ప్రయాణం, పాట, నవ్వు అన్నీ అందులో ఉంటాయి, అమ్మదలచుకున్న వస్తువు మాత్రం ఉండదు. చూసేవారు ఆ ఖాళీని తామే నింపుకుంటారు, హైడర్, సిమ్మెల్ చిత్రంలో త్రిభుజాలను చూసినవారు నింపుకున్నట్లే.